ఇంటి బల్లి: దాని జీవితము, గిడ్డంగిలో దాని స్థానము

ఊరందరికి శకునము చెప్పిన బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడినదను సామెత ఎరుగని రైతు లేడు. ఆ సామెత పుట్టించినవాడెవ్వడో కాని పశువుల కొట్టమును శ్రద్ధతో కనిపెట్టినవాడై యుండవలెను. ప్రొద్దు గ్రుంకువేళ కుడితి తొట్టి చుట్టును ఈగలు, దోమలు ముసురును. వానికొరకు బల్లి గోడ దిగి తొట్టి యంచునకు వచ్చును. తడిసి జిడ్డుపట్టిన యంచుమీద దాని కాలు పట్టు తప్పును. ఇందు శకునముతో పని లేదు. తడికిని బల్లి పాదమునకును గల వైరమే కారణము. ఆ సంగతి క్రింద వివరింతుము.

ఈ మాసము పైరుల విషయము విడిచి బల్లిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. కోతలు ముగిసి ధాన్యము ఇండ్లకును గిడ్డంగులకును చేరిన పిమ్మట సభ్యులు మమ్ము అడిగిన ప్రశ్నలలో మూడు దీనినిగూర్చినవే. విత్తనపు బస్తాలమీద కనబడు రెట్ట ఎలుకలదా, బల్లులదా యని ఒకరడిగిరి. బల్లి పడిన అన్నము తినినవాడు బ్రదుకునా యని మరియొకరడిగిరి. గిడ్డంగి గోడలకు మందు చల్లించి బల్లులనన్నిటిని ఒక్కసారిగా నిర్మూలింపరాదా యని వేరొకరు కోరిరి. చంపుట యొక్క పూటలో ముగియు పని. చంపిన వెనుక తప్పిపోయినదేమో తెలియుటకు మాత్రము సంవత్సరము పట్టును. కనుక ముందుగా ఈ ప్రాణి యెట్టిదో తెలిసికొని పిమ్మట తీర్పు చెప్పుట మేలని తలచితిమి.

మన ఇండ్ల గోడలమీద తిరుగు బల్లులన్నియు ఒక్క జాతివి కావు. చెట్ల బెరడునందును, పాత మిద్దెలయందును కానవచ్చు పెద్ద బల్లి వేరు. నేలకు దగ్గరగా రాళ్ల సందులలో తిరుగు మచ్చల బల్లి వేరు. మనము చెప్పబోవునది వీనికంటె సన్ననిది, దీపము చుట్టును చేరి టిక్కు టిక్కుమని పలుకునది. దీనికి 1836వ సంవత్సరమున ద్యుమెరిల్, బిబ్రోన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు హెమిడాక్టిలస్ ఫ్రెనేటస్ అను పేరు పెట్టిరి. మొదటి పదమునకు సగము వ్రేలు గలది యని యర్థము. వ్రేలి అడుగున గల పలకలు నడిమికి చీలి రెండు సగములుగా నుండుట చేత ఆ పేరు వచ్చినది. రెండవ పదమునకు కళ్లెము గలది యని యర్థము. ముక్కు మొదలు కన్ను మీదుగా పోవు నల్లని చార గుఱ్ఱపు కళ్లెమువలె తోచినది కాబోలును. ముక్కు కొన నుండి తోక కొన వరకు ఇది సుమారు 12 సెంటీమీటర్లు, అందు సగము తోకయే. పగటివేళ బూడిద వన్నెతో నుండి రాత్రివేళ పాలిపోయి, ఇంచుమించు లోపలి యవయవములు కానవచ్చునంత తెల్లనగును. తోక చుట్టును చిన్న చిన్న ముండ్లవంటి బుడిపెలు వరుసలు దీరి యుండును. ఇది దీనిని గుర్తించుటకు మంచి యానవాలు. తోక యొకసారి తెగి మరల పెరిగినదైనచో ఆ ముండ్లుండవు.

తొండయు, ఉడుమును, నలికిరియు దీనికి దూరపు చుట్టములు. ఐనను బల్లికి ఆ చుట్టములకు లేని విశేషములు రెండు కలవు: మూయని కన్ను, గోడ విడువని పాదము.

మూయని కన్ననగా, దీనికి కదలు ఱెప్పలు లేవు. పామునకువలెనే పారదర్శకమైన పొర యొకటి కంటిని కప్పియుండును. ఆ పొరమీద దుమ్ము పడినచో బల్లి నాలుకను చాపి కన్నునే తుడిచికొనును. దీపము ప్రక్కన ఓపికతో కూర్చుండి చూచినవారికి ఈ వినోదము దొరకును. పగలు సన్నని నిలువు గీతవలె నుండు కంటిపాప రాత్రి విప్పారి గుండ్రమగును. బల్లి కుబుసము విడుచును గాని మనకెన్నడును దొరకదు. విడిచిన చర్మమును తానే పీకి తినివేయును.

ఇక పాదము. అరిస్టాటిల్ నాటి నుండియు చెట్టుపై తలక్రిందుగా ప్రాకు బల్లి విద్వాంసులను ఆశ్చర్యపరచుచునే యున్నది. జిగురున్నదని కొందరు, జలగకువలె పీల్చు శక్తి యున్నదని కొందరు, సన్నని కొక్కెములున్నవని కొందరు వాదించిరి. మూడును సరికాదు. వ్రేలి అడుగునగల పలకలపై కంటికి కానరాని వెండ్రుకలు దట్టముగా నుండును. ఒక్కొక్క వెండ్రుక కొన మరల వందలకొలది పాయలుగా చీలి, ఆ పాయల చివర గరిటెవంటి సూక్ష్మమైన పలకలుండును. ఆగ్నేయాసియాలోని టోకే యను పెద్ద బల్లియొక్క ఒక్క పాదముననే ఇంచుమించు 5 లక్షల వెండ్రుకలున్నవని లెక్కించిరి. ఇన్ని కొనలు గోడకు మిక్కిలి సమీపముగా తాకినపుడు ఆ గోడ యణువులకును ఈ కొనల యణువులకును నడుమ స్వల్పమైన ఆకర్షణ పుట్టును. ఒక్కటి చూచిన లెక్కకు రాదు. లక్షలు కలిసినపుడు బల్లి బరువును మోయుటయే కాక ఇంకను చాల మిగులును. అమెరికా దేశపు పరిశోధకులు 2000వ సంవత్సరమున టోకే బల్లి వెండ్రుక నొక్కదానిని వేరుచేసి దాని పట్టును కొలిచిరి. 2002లో ఆ పట్టు అణువుల ఆకర్షణ వలననే కలుగుచున్నదని చూపిరి. అడుగు తీయునపుడు బల్లి వ్రేళ్లను కొన నుండి పైకి చుట్టుకొనును. మనము అంటించిన కాగితమును ఒక మూల నుండి ఒలిచినట్లే యది ఊడివచ్చును.

ఇది తెలిసిన పిమ్మట బల్లి యెందుకు పడునో చెప్పుట కష్టము కాదు. గోడ బాగుగ తడిసియున్నచో నీటి పొర ఆ కొనలను గోడకు తాకనీయదు. కొత్తగా సున్నము వేసి పొడి రాలుచున్న గోడపై పాదము సున్నపు పొడినే పట్టుకొనును గాని గోడను పట్టుకొనదు. రెండు మగ బల్లులు ఒకదానినొకటి కరచుకొని పెనగులాడునపుడు రెండును కలిసియే పడును. పురుగుపైకి దుమికి గురి తప్పినపుడును పడును. క్రింద మనుష్యుడున్నచో అతని తలపైనో భుజముపైనో పడును. పంచాంగములలో బల్లిపాటు ఫలము ఏ యవయవమునకు ఏమియో నేటికిని అచ్చు వేయుచునే యున్నారు. కాంచీపురమున వరదరాజస్వామి యాలయములోని బంగారు, వెండి బల్లులను తాకి దోషము పోయినదని మన వారనేకులు తృప్తితో తిరిగి వచ్చుచున్నారు. ఎవరి నమ్మకమును మేము కదలింప బూనలేదు. పడిన చోటును సబ్బుతో కడుగుకొనుడని మాత్రము చెప్పుదుము. దానికి కారణము వేరుగా గలదు.

బల్లి పలికినపుడు పెద్దలు సత్యమని వ్రేళ్లు చిటికె వేయుట మనము చిన్ననాటి నుండి చూచుచున్నదే. బల్లి జాతులలో కంఠధ్వని గలవి చాల కలవు. సాధారణముగా సరీసృపములకు ఇట్టి పలుకు అరుదు. మన ఇంటి బల్లి పలుకు చాలమట్టుకు మగదానిది. ఈ దూలము నాది, ఈ దీపము నాది, దగ్గరకు రావలదని తోటి మగవానికి చేయు హెచ్చరిక యది. ఆడుదానికి పిలుపును గావచ్చును. గట్టుమీది సరిహద్దు రాతికొరకు కోర్టులకెక్కు మనకు ఈ పలుకునందలి భావము తెలియనిది కాదు.

తోక విషయము కూడ చెప్పవలెను. పిల్లి పట్టుకొనినపుడు బల్లి తోకను వదలి పారిపోవును. అది లాగుటవలన తెగునది కాదు. బల్లి తానే కండరములను బిగించి తెంపుకొనును. తెగుటకు అనువైన సందు రెండు వెన్నుపూసల నడుమ కాక ఒక పూస మధ్యముననే పుట్టుకతో నేర్పడియున్నది. తెగిన తోక కొంతసేపు నేలపై ఎగిరిపడుచుండగా పిల్లి దానినే చూచుచుండును. పిమ్మట క్రొత్త తోక పెరుగును కాని అందు ఎముక యుండదు, మృదువైన తరుణాస్థి కడ్డీ యుండును. తోక క్రొవ్వు దాచుకొను కొట్టు వంటిది. దానిని పోగొట్టుకొనిన బల్లికి గాదె ఖాళీయైన రైతు స్థితియే. ఆటకై తోకలు తెంపు పిల్లలకు ఈ మాట చెప్పవలెను.

ఆడ బల్లి ఒక్కొక్క ఈతకు సాధారణముగా రెండు గ్రుడ్లే పెట్టును. పెట్టుటకు ముందు దీపపు వెలుగులో దాని పొట్ట చర్మముగుండ ఆ రెండు తెల్లని గ్రుడ్లును స్పష్టముగ కనబడును. పెట్టినపుడు మెత్తగా నుండి గాలి సోకగనే పైపెంకు సున్నమువలె గట్టిపడును. పరిమాణము పెద్ద బఠాణీ గింజంత. గోడ పగులులు, దూలపు సందులు, పటముల వెనుక భాగములు, తలుపు తాళపు రంధ్రములు, మడతపెట్టి విడిచిన గోనె సంచులు దీని పురిటి గదులు. అనువైన చోటు దొరికినపుడు పలు బల్లులు అక్కడనే పెట్టుటవలన ఒక్క సందులో పదుల గ్రుడ్లు కనబడుటయు కలదు. తల్లి పొదుగదు, కావలి కాయదు. వేడినిబట్టి ఒకటిన్నర నెల మొదలు రెండు నెలలకు పైబడి పిల్లలు వెలువడును. పుట్టిన పిల్ల తన తిండిని తానే వేటాడుకొనును. పెద్ద బల్లి కంటబడినచో తానే తిండియగుటయు కలదు. ఆడుది మగదానితో ఒకసారి కూడిన పిమ్మట ఆ బీజమును నెలలకొలది తన లోపల నిలువ యుంచుకొని, మగది లేకయే మరల మరల సఫలమైన గ్రుడ్లు పెట్టగలదు. ఈ యొక్క శక్తి వలన ప్రపంచమున ఎంత మార్పు వచ్చినదో తరువాత చూతము.

దీని ఆహారము పురుగులే, ధాన్యమును ముట్టదు. ఈగలు, దోమలు, చిన్న బొద్దింకలు, రెక్కల చెదలు, దీపపు పురుగులు, చిమ్మటలు, సాలెపురుగులు, తన నోట పట్టగల ప్రతి కదలు జీవియు దీనికి పనికివచ్చును. తొలకరి వానకు ఉసిళ్లు లేచిన రాత్రి మా యింటి అరుగుపై ఒక్క బల్లి పొట్ట ఉబ్బి కదలలేకపోయినంత వరకు తినుటను మేము కన్నులార చూచితిమి. ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇంటి బల్లులను ప్రయోగశాలలో పెట్టెలయందుంచి దోమలను విడిచి చూడగా ఒక్కొక్క బల్లి పదులకొలది దోమలను మ్రింగినట్లు 1997లో ప్రకటించిరి. ఐనను పెట్టెలోని దోమ వేరు, ఊరిలోని దోమ వేరు. పెట్టెలో వేరు తిండి లేదు. గోడమీద బల్లికి దోమకంటె లావైన చిమ్మట దొరికినచో దోమను విడిచిపెట్టును. కనుక బల్లులున్నవి గదా యని మురుగు గుంటను పూడ్చక విడుచుట పొరపాటు.

వరి పండించు గ్రామములలో రాత్రి దీపము చుట్టును చేరు పురుగులలో పచ్చదోమ, సుడిదోమ, కాండము తొలుచు పురుగుయొక్క రెక్కల పురుగు తఱచుగా నుండును. బల్లి వీనిని విరివిగా తినును. అంతమాత్రమున పొలములోని సుడిదోమ తగ్గునని మేము చెప్పజాలము. అరుగు దీపమునకు వచ్చినవి పొలములోని సమూహములో ఎన్నవ వంతు? కాని మరియొక ప్రయోజనము కలదు. ఏ రాత్రి దీపమువద్దకు బల్లులు గుంపుగా దిగి తీరిక లేక తినుచుండునో ఆ రాత్రి అవి తినునదేదో దగ్గరకు పోయి చూడుడు. గోధుమ రంగు చిన్న దోమలు రాలియున్నచో మరునాటి యుదయమున చేనిలో దిగి దుబ్బుల మొదళ్లు విడదీసి చూడవలెను. లెక్క ముదిరిన పిమ్మట మందు కొనుటకంటె ఈ పరీక్షకు ఖర్చు తక్కువ.

ఇక గిడ్డంగిలో దీని పని యెంత? ఇందును ఎక్కువ చెప్పరాదు, తక్కువ చెప్పరాదు. వడ్ల చిలుక యను చిన్న చిమ్మట గింజపై గ్రుడ్లు పెట్టును. దాని పురుగు గింజలోపలనే పెరిగి గుండ్రని రంధ్రము చేసికొని రెక్కలతో బయటపడును. గింజలోపల నున్నంతవరకు దానిని బల్లి తాకలేదు. బయటపడి బస్తాలమీద వ్రాలినపుడు, మరల గ్రుడ్లు పెట్టక మునుపు, దానిని పట్టును. బియ్యపు చిలుక విషయమును అట్టిదే. ముక్కు పురుగు బస్తా నడుమ గింజలలో దాగి బ్రతుకునది గనుక దానిలో మిక్కిలి కొలదియే బల్లికి చిక్కును. కావున బల్లి గిడ్డంగికి కావలివాడే కాని వైద్యుడు కాడు. విత్తనమును బాగుగ ఎండబెట్టి తేమను నూటికి 12, 13 పాళ్లకు దింపుట, బస్తాలను నేలకును గోడకును తగులకుండ చెక్కలపై పేర్చుట, పాత సంచులను ఎండలో దులుపుట, ఇవియే అసలు రక్షణలు. వీనిని చేసినవానికి బల్లి తోడ్పడును. చేయనివానికి బల్లి వలన ఒరుగునది లేదు.

రెట్టను గూర్చిన ప్రశ్నకు సమాధానము సులభము. బల్లి రెట్ట నల్లగానో గోధుమ వన్నెగానో యుండి ఒక కొనయందు తెల్లని బొట్టు కలిగియుండును. ఆ తెలుపు దాని మూత్రమే. నీటిని పొదుపు చేసికొనుటకై బల్లి మూత్రమును ద్రవముగా కాక ముద్దగా విడుచును. ఎలుక పెంటిక యంతయు ఒకే రంగు. తెల్లని కొన యుండదు. పైగా ఎలుక యున్నచోట కొరికిన సంచియు, చిందిన గింజలును ఉండకపోవు. తెల్లని కొనను చూడక బల్లి రెట్టకు ఎలుకమందు పెట్టినచో ఆ మందు కోడికో, కుక్కకో, పిల్లవానికో దక్కును గాని బల్లికి దక్కదు.

ఇప్పుడు విషము మాట. బల్లి కరచిన, నాకిన, పడిన, ఉడికిన విషమను నమ్మకము మన దేశమున గట్టిగా పాతుకొనియున్నది. బల్లికి విషగ్రంథి లేదు; విషపు కోర లేదు; చర్మమున విషము లేదు. ప్రపంచమున వేయికి మించిన బల్లి జాతులుండగా వానిలో విషము గలదని తేలినది ఒక్కటియు లేదు. తొండల తరగతి జంతువులలో మనుష్యునికి అపాయము చేయు విషపు కాటు గలవని ప్రసిద్ధికెక్కినవి అమెరికా ఖండపు వేడి ప్రదేశములందలి గిలా, పూసల తొండ అనునవి. అట్టివి మన దేశమున లేవు.

అట్లయినచో బల్లి పడిన వంట తినినవారికి వాంతులేల కలుగును? ఇందు రెండు కారణములను విడదీసి చూడవలెను. మొదటిది అసహ్యము, భయము. వంటలో బల్లి కనబడినదన్న కేక విన్నంతనే పంక్తిలో నొకరు కక్కుకొనిన తక్కినవారికిని కడుపు త్రిప్పును. రెండవది నిజమైన రోగము. బల్లి ప్రేగులలో సాల్మొనెల్లా యను సూక్ష్మజీవులు నివసించుట తఱచు. దాని రెట్ట మూత లేని నీటిలోనో, చల్లారిన అన్నములోనో, పెరుగులోనో పడినచో ఆ జీవులు వృద్ధిపొంది తినినవారికి జ్వరము, కడుపునొప్పి, విరేచనములు కలిగించును. పసిపిల్లలకును వృద్ధులకును ఇది ప్రమాదకరము. బల్లి మీద పడినచో సబ్బుతో కడుగుకొనుమనుటకు కారణమిదియే. కనుక విషము లేదు గదా యని ఆ వంటను వడ్డింపరాదు, పారవేయవలెను. తినినవారికి వాంతులు, విరేచనములు మొదలైనచో అది భయము వలననో రోగము వలననో ఇంటిలో తర్కించుచు కూర్చుండక ఉప్పు పంచదార కలిపిన నీరు త్రాగించుచు వైద్యునికడకు కొనిపోవలెను. కుడితిలో బల్లి చచ్చినచో కుడితిని పారబోసి తొట్టిని తోమి ఎండనిచ్చిన చాలును. గోడమీది బల్లినెల్ల చంపుటకంటె కుండకు మూత పెట్టుట తేలిక. ఆశ్చర్యమేమనగా, బల్లికి జడియు ఇండ్లలోనే నీళ్ల బిందెపై మూత లేకుండుటను మేము తఱచుగ చూచుచున్నాము.

బల్లికొరకు ఇంటికి వచ్చు అతిథి యొకటి కలదు. ముదురు గోధుమ రంగుపై తెల్లని అడ్డ పట్టెలు గల సన్నని పాము. దీనికి విషము లేదు. రాత్రివేళ గోడ సందులలో దూరి బల్లులను పట్టి తినును. కట్లపామును పోలియుండుటచేత దీనిని కట్లపామే యనుకొని చంపుదురు. ఐనను ఈ పోలిక చదివి ఎవ్వరును పామును చేత పట్టి పరీక్షింపరాదు. కట్లపాము కాటు నొప్పి లేకయే ప్రాణము తీయును. పట్టెల పాము ఏదైనను కట్లపామేయని యెంచి దూరముగ నిలిచి, పాములు పట్టుట నేర్చినవారిని పిలుచుట క్షేమము.

మన గోడపై ఇంత సాధువుగా బ్రతుకు ఈ ప్రాణి విదేశములందు మరియొక పేరు తెచ్చుకొనినది. దక్షిణాసియా, ఆగ్నేయాసియా దీని పుట్టినిల్లు. గట్టి పెంకు గల గ్రుడ్లు ఓడ సరకుల సందులలో ఎండిపోక నిలుచును. బీజము దాచుకొనిన ఆడుది యొక్కటి దిగిన చాలు, సంతతి మొదలగును. ఈ రీతిగా ఇది ఆఫ్రికా తీరమునకును, పసిఫిక్ దీవులకును, అమెరికా ఖండమునకును వ్యాపించినది. హవాయి దీవులలో రెండవ ప్రపంచ యుద్ధకాలము తరువాత నెలకొనినది. ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణమున 1960 దశకము నుండి విస్తరించినది. పసిఫిక్ దీవుల ఇండ్లలో అంతకు ముందు నుండియు ఒక చిన్న బల్లి యుండెడిది. అందు దాదాపు అన్నియు ఆడువే. మగదాని పొత్తు లేకయే గ్రుడ్లు పెట్టును. మన బల్లి చేరిన చోట్ల అది తగ్గిపోయినది. ఏల తగ్గినదని శోధించి 1993లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనినదేమనగా, విద్యుద్దీపము పురుగులను ఒక్కచోటికి చేర్చును. అట్లు కుప్పపడిన తిండిని లావును వేగమును ఎక్కువగా గల మన బల్లి ముందుగా దోచుకొనును. చిన్నదానికి మిగులునది స్వల్పము. మారిషస్ దీవిలో సంగతి మరింత విషాదకరము. అచ్చట మాత్రమే పుట్టిన రాత్రి బల్లులు కొన్ని ప్రధాన దీవినుండి మాయమై, ఇంటి బల్లి చేరని చిన్న లంకలలో మాత్రము మిగిలినవి.

పుట్టిన చోట మేలు చేయునది పరాయి చోట కీడు చేయుట మనకు క్రొత్త కాదు. చెరువులలోని గుఱ్ఱపు డెక్క దక్షిణ అమెరికాలో ఒక పూల మొక్క. కనుక మామిడి పండ్లుగాని, మొక్కలుగాని, కుండీలుగాని ఓడలమీద విదేశములకు పంపు సభ్యులు పెట్టెల అడుగులను, మడతలను వెదకి బల్లిని, గ్రుడ్లను తీసివేసి పంపవలెను. దిగు రేవులలో పరీక్షకులు వెదకునపుడు కనబడిన సరకు నిలిచిపోవుటయు కలదు.

అట్లని బల్లి జాతులన్నియు సర్వత్ర దొరకునవి యనుకొనరాదు. మన తిరుమల కొండలలోని రాతి గుహల నీడన బంగారు వన్నె గల బల్లి యొకటి కలదు. బెడ్డోము అను ఆంగ్లేయుడు 1870లో దీనిని లోకమునకు తెలిపెను. పిమ్మట చాల కాలము కానరాక 1980 దశకమున తూర్పు కనుమలలో మరల కనబడినది. అది ఇంటి గోడకు రాదు, దీపమునకు రాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానికి రక్షణ యిచ్చుచున్నది. యాత్రకు పోయినవారు రాళ్ల సందులలో దానిని వెదకి పట్టుట నేరము.

మూడవ ప్రశ్నకు ఇప్పుడు ఉత్తరము చెప్పవచ్చును. గిడ్డంగి గోడలకు బల్లులకొరకని మందు చల్లరాదు. పురుగులకు చల్లిన మందు తగిలి చచ్చిన పురుగులను తినియు బల్లి చచ్చును. పురుగులలో మిగిలినవి మాత్రము బల్లికంటె వేగముగా మరల పెరుగును. జిగురు పలకలు పెట్టుటయు మాకు సమ్మతము కాదు. వానికి అంటుకొని రోజుల తరబడి కొట్టుకొని చచ్చు బల్లి, ఈగలను రప్పించుటకు తప్ప ఎందుకును పనికిరాదు. గిడ్డంగిలోపల రాత్రి దీపము వెలిగించి విడువకుడు. దీపము వెలుపలి గోడకు పెట్టినచో పురుగులును, వాని వెంట బల్లులును వెలుపలికే చేరును. బియ్యము, పప్పులు వంటి నేరుగా వంటకు పోవు సరకుల బస్తాలపై దళసరి గుడ్డ కప్పుడు. ఆ గుడ్డను పదునైదు దినములకొకసారి ఉతికించిన రెట్ట బాధ యుండదు.

ఒక్క చోట మాత్రము బల్లిని రానీయరాదు. అది బోరు మోటారుయొక్క స్టార్టరు పెట్టె. లోపలి వెచ్చదనమునకును, చీమలకును, పురుగులకును ఆశపడి బల్లి ఆ పెట్టెలో దూరును. మోటారు వేయునపుడు రెండు స్పర్శ బిందువుల నడుమ చిక్కి తాను మాడి, మోటారును ఆపివేయును. ఒక్కొక్కప్పుడు చుట్టయే కాలిపోవును. నాట్ల కాలములో మోటారు రెండు దినములు నిలిచిన నష్టమెంతో సభ్యులెరుగుదురు. తీగలు పోవు రంధ్రములలో మిగిలిన సందును రబ్బరు బిళ్లతోనో గట్టి మైనముతోనో మూయించుడు. మూత మరలు ఊడిపోయినచో వెంటనే వేయించుడు. లోపల గ్రుడ్లుగాని చచ్చిన బల్లిగాని యున్నదని తోచినచో ముందుగా స్తంభమువద్ద విద్యుత్తును పూర్తిగా ఆపించి, పని తెలిసినవానిచేత తీయింపవలెను. తడి చేతితో, కట్టెపుల్లతో తామే తీయబోవుట వలదు. వానలు రాకమునుపే ఈ పని ముగించుకొనుడు. ఉసిళ్లు లేచు కాలమున బల్లులు ఎక్కువగా తిరుగును.